గమ్మున కూచునే వంతు

ఈ పనిలో నేను ఇన్నేళ్లూ తాగిన టీలన్నీ ఒకచోట పోస్తే ఎండాకాలంలో కూడా పెన్నకు నీళ్లొస్తాయి. బైబిలమ్మ పని అంటే సగం అదే. పొద్దున్నే గొడుగు, సంచి, సంచిలో బైబిలు, పాటల పుస్తకం, కండ్లద్దాలు పెట్టుకొని బయల్దేరేది. సంఘంలోని ఇండ్లకు పోయేది, కూచునేది, వాళ్లు చెప్పేది వినేది. ఒక పాట పాడి, ప్రార్థన చేసి లేచేది. ముందు పులివెందులలో, తర్వాత జమ్మలమడుగులో, చివరికి ప్రొద్దుటూరులో చేసినా. జీతం ఎంతని అడగొద్దు, నవ్వుకుంటారు.

నేను చదివింది ఆరో తరగతి. ఆ తర్వాత మా నాయన నన్ను వేముల పక్క గొర్రెల వెంట పంపినాడు. పాస్టరు అయ్యగార్లు కాలేజీలో కాపరి పని నేర్చుకుంటారు కదా, నేను గొర్రెల దగ్గరే నేర్చుకున్నానని ఎగతాళి చేసేదాన్ని. ఎగతాళి అయినా ఒక మాట నిజం. గొర్రె మందలోంచి పారిపోయి తప్పిపోదు. కుంటుతా వెనకబడుతుంది, మంద దాని దోవన అది పోతుంది.

ఇప్పుడు ఈ పనికి వచ్చే ఆడపిల్లలు డిగ్రీలు చదివి, ట్రైనింగు చేసి, స్కూటీల మీద వస్తాండారు. సంతోషం. వాళ్ల కోసమే ఇది రాస్తాండా. రిపోర్టు ఎట్ల రాయల్లో, పై ఆఫీసుకు ఎట్ల పంపల్లో నన్ను అడిగితే దండగ. కాలు చేయి సరిగ్గా లేనోళ్లు, మనసు బాగలేనోళ్లు ఉన్న ఇంటి గడప తొక్కినప్పుడు సంఘం ఏం చేయొచ్చో, ఏం చేసి చెడగొడుతుందో మాత్రం చెప్తా. దానికి దేవమ్మ కూతురి సంగతి ఒక్కటి చెప్తే చాలు. ఆ యమ్మిని వాళ్లన్న గొలుసులు వేసే చోటికి తీసకపోతానంటే, ఈస్టరు లోపల మా ప్రొద్దుటూరు సంఘం ఏం చేసిందో అదీ.

ముందే చెప్తాండా, ఇందులో ప్రార్థనతో రోగం పోయిందనే స్వస్థత సాక్ష్యం లేదు. అది కావల్లంటే యూట్యూబులో శానా ఉండాయి.

దేవమ్మ అడిగింది

మా గుడి వెనక వీధిలో దేవమ్మ ఇల్లు. మొగుడు లేడు. పప్పుల మిల్లులో కూలికి పోతాది. కూతురు ఎస్తేరుకు ముప్పై దాటినాయి. టీచరు ట్రైనింగు చేసి, ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లోళ్లకు చదువు చెప్పేది. ఒక ఎండాకాలం నిద్రపోవడం మానేసింది. తర్వాత గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గోడే తనతో మాట్లాడుతాందని చెప్పింది. కడప డాక్టరు చూసి, ఇది రోగం, దయ్యం కాదు, మాత్రలు మానొద్దు అన్నాడు. మాత్రలతో శానా రోజులు బాగుంటుంది. కొన్ని రోజులు బాగుండదు. ఆ రోజుల్లో అరుస్తుంది, చేతికి అందింది విసిరేస్తుంది. ఒకసారి తలుపు తీసుకొని పోయి మైదుకూరు రోడ్డులో లారీల మధ్య నడుస్తా దొరికింది.

అప్పటి నుంచి దేవమ్మ మిల్లుకు పోయేటప్పుడు బయట గొళ్లెం పెట్టి పోయేది. లోపల నుంచి అరుపులు వినలేక పక్కింటోళ్లు కొడుకు సామేలుకు ఫోను చేసినారు. సామేలు పులివెందులలో అరటికాయల మండీలో పనిచేస్తాడు. చెడ్డోడు కాదు. చెల్లెలంటే ప్రాణం. ఆ ప్రాణంతో ఏం చేయల్లో తెలీనోడు, అంతే.

ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యే ముందర ఒక పొద్దున దేవమ్మ గుడికి వచ్చింది.

"అక్కా, నా కొడుకు దాన్ని తీసకపోతాడంట."

"యాడికి?"

"ప్రార్థన ఇంటికి. పులివెందుల అవతల ఉండాదంట. ఆడ ఇడ్సిపెడితే వాళ్లే చూసుకుంటారంట."

ఆ చోటు నేను చూసినా. ఊరు పేరు రాయను. రేకుల షెడ్డు, వరసగా స్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక గొలుసు, గొలుసు చివర ఒక మనిషి. ఒకాయన నన్ను చూసి "టైమెంతమ్మా?" అని అడిగినాడు. చెప్పినా. "సరే" అని తల ఊపినాడు, యాడికో పోవల్సిన పని ఉన్నట్టు. అప్పుడు నాకు నోటికి ఒక్క జోకూ రాలేదు. అట్లాంటి రోజులు నా బతుకులో శానా తక్కువ.

"వద్దని చెప్పు దేవమ్మా" అన్నా.

"చెప్పినా. ఏమన్నాడో తెల్సా? నువ్వు బయట గొళ్లెం పెడతాండావు, వాళ్లు లోపల గొలుసు కడతారు, ఏంది తేడా అన్నాడు. మిల్లు మానుకుంటే తిండి లేదు. పోతే గొళ్లెం పెట్టల్ల. పగటిపూట గొళ్లెం లేకుండా ఎవురన్నా దాని దగ్గర ఉంటే అన్నీ మానుకుంటానన్నాడు. ఈస్టరు దాకా చూస్తాడంట. ఈస్టరు మరుసటి సోమారం బండి తెస్తాడంట."

"మనిషిని పంపే పూచీ నాది" అన్నా. అని, ఆమె పోయినాక ఆలోచన చేసినా, ఏ మనిషిని అని. నా నోరు నాకంటే ముందు నడుస్తుంది, ఎప్పుడూ అంతే.

మైకు వద్దు

మా స్త్రీల సమాజానికి పెద్ద సుగుణమ్మ. మంచి మనిషి. చావుకైనా పెండ్లికైనా ముందు అన్నం గిన్నె ఆమె ఇంటి నుంచే వస్తాది. నోరు మాత్రం ఎర్రగుంట్ల సిమెంటు లారీ, బ్రేకు పడదు. విషయం చెప్పంగానే ఆమె అనింది, "దానికేముందక్కా, ఆదివారం మైకులో చెప్పి సంఘమంతా ఎస్తేరు కోసం ప్రార్థన చేద్దాం."

వద్దన్నా. ఎందుకు వద్దన్నానో చెప్పల్లంటే ఒకసారి పులివెందుల పోయి రావల్ల.

నేను పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఆడ ఒకామెకు కాన్పు తర్వాత మనసు బాగలేదు. ఏడ్చేది, బిడ్డను ఎత్తుకునేది కాదు. మేమంతా ప్రేమతోనే ప్రతి ఆదివారం ఆమె పేరు, ఆమె జబ్బు మైకులో చెప్పి ప్రార్థన చేసేవాళ్లం. గుడి మీద కట్టిన మైకు లింగాల బస్సు కోసం నిలబడుకున్నోళ్లకు కూడా వినిపించేది. ఒకరోజు ఆమె నా చేయి పట్టుకొని, "అక్కా, నా కోసం ప్రార్థన చేయొద్దని అయ్యగారికి చెప్పు" అనింది. ఎందుకని అడిగినా. "ఉప్పు కోసం అంగడికి పోతే అంగడాయన, ఏమ్మా, ఇప్పుడు నిద్ర పడతాందా అని అడుగుతాండాడు. ఆయన మన గుడికి కూడా రాడు. దేవునికి చెవుడా అక్కా, మైకు కావల్నా?"

పిల్లలారా, రాసిపెట్టుకోండి. ఒకరి రోగం పేరు వాళ్ల సొంతం, నగ మాదిరి. వాళ్లు ఇస్తేనే తీసుకోవల్ల. ప్రార్థన విన్నపాల పేరుతో మన గుళ్లలో నడిచేది సగం ప్రార్థన, సగం పేపరు చదవడం.

మాత్ర, ప్రార్థన

మైకు వద్దంటే సుగుణమ్మ ఇంకో దోవ పట్టింది. "అయితే ఆ ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెడదాం. ఆ యమ్మిని మధ్యలో కూచోబెట్టి, అందరమూ తల మీద చేతులుంచి, విశ్వాసంతో ఆ మాత్రలు ఆపిచ్చి..."

"ఆపు సుగుణమ్మా. నీ షుగరు మాత్ర ఎప్పుడేసుకున్నావు?"

"పొద్దున. ఎందుకు?"

"విశ్వాసం లేదా?"

ఆమెకు కోపమొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. "నీతో మాట్లాడితే నాకు బీపీ మాత్ర కూడా వేసుకోవల్ల" అనింది.

ఈ పాఠం నాకు జమ్మలమడుగు అయ్యగారు చెప్పినాడు. నా పైవాళ్లలో అంత మంచాయన్ను చూడలేదు. ఎవరినైనా దయ్యం పట్టిందని తీసుకొస్తే బైబిలు తెరిచేదానికి ముందు అడిగేవాడు: నిద్రపోయినాడా? అన్నం తిన్నాడా? జ్వరముందా? ఎవరన్నా కొట్టినారా? అడిగి, ప్రార్థన చేసి, చొక్కా వేసుకొని, ఆయనే బస్సు స్టాండుకు పోయి పెద్దాసుపత్రి బస్సెక్కించేవాడు. ఒక పెద్దాయన, "ఏమయ్యగారూ, ప్రార్థన మీద నమ్మకం లేదా, ఆసుపత్రికి పంపుతాండారే" అంటే, "ప్రార్థన ఆపమని ఎవురు చెప్పినారు? బస్సెక్కినాక ఇంకా గట్టిగా చేయండి, ఆ డ్రైవరును మీరు చూల్యా" అన్నాడు.

అట్లాంటి అయ్యగారు మీకు దొరకొచ్చు, దొరకకపోవచ్చు. మాత్రలు ఆపమనే అయ్యగారు దొరికితే, గౌరవంగా, చేతులు కట్టుకొని, కాదని చెప్పండి. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. మాత్ర ఆపి చెడిపోయిన మనిషిని తిరిగి తెచ్చుకోవడం అంత సులభం కాదు.

సంఘంలో వంతులు

మనిషిని పంపుతానని మాటిచ్చినా కదా. యాడ నుంచి తేవల్ల? మా సంఘంలో డబ్బు తక్కువ గానీ వంతులకు కొదవ లేదు. గుడి ఊడ్చే వంతు, పూలు తెచ్చే వంతు, ప్రభు సంస్కారం రొట్టె వంతు, ఆదివారం అయ్యగారికి అన్నం పెట్టే వంతు. ఇప్పుడున్న అయ్యగారు చిన్న వయసాయన, కోడికూర తిని తిని కోడి మాదిరే అడుగులేస్తాండాడు. కమిటీలో నేను లేచి, "అయ్యగారి అన్నం వంతు కొన్నాళ్లు ఆపి, దాని బదులు రోజూ వంతు వేసుకొని ఎస్తేరు దగ్గర కూచుందాం" అన్నా. అందరూ అయ్యగారి మొగం చూసినారు. ఆయనే ముందు చెయ్యెత్తినాడు. "నా మొదటి వంతు రాసుకోండి. గురువారం మా ఇంటామె పోతాది, ఆమె పోలేని రోజు నేను పోతా" అన్నాడు. కోడి మాట ఆ రోజుకు వెనక్కి తీసుకున్నా.

వంతుకు పోయేవాళ్లకు నేను ఒకటే చెప్పినా. పోండి. కూచోండి. గమ్మున. వాక్యం చెప్పొద్దు, సలహా ఇయ్యొద్దు, పాట పాడల్లంటే ఆ యమ్మిని అడిగి పాడండి. ప్రార్థన మనసులో చేసుకోండి. ఆ యమ్మి చెవిలో ఇప్పటికే నలుగురు మాట్లాడుతాండారు, మీరు ఐదోవారు కావొద్దు.

విననీకి సులభం. చేసి చూడండి తెలుస్తుంది. క్రైస్తవులకు ఉపవాసం చేతనవుతుంది, రాత్రంతా ప్రార్థన చేతనవుతుంది, కొండెక్కి దిగడం చేతనవుతుంది. నోరు మూసుకొని కూచోవడం మాత్రం ఎవరికీ చేతకాదు.

సుగుణమ్మ మొదటి రోజు పోయి, అన్నం పొద్దుకు ముందే తిరిగి వచ్చింది.

"ఏమైంది సుగుణమ్మా?"

"నేనేం మాట్లాడలేదు. ఊరికే పరామర్శించినా."

"ఏమని?"

"నీకంటే కష్టాలున్నోళ్లు ఉండారు పాపా అని, మా ఆడబిడ్డ ఆపరేషన్ సంగతి చెప్పినా."

"మొత్తమా?"

"కుట్లు విప్పేదాకా. అప్పుడు చెంబు వచ్చి తలుపుకు తగిలింది. నా సంచి ఆడే ఉండాది, నువ్వు పోయి తెచ్చిపెట్టు."

డేవిడ్ మామ ఆమెకు పూర్తిగా ఉల్టా. దూది మిల్లులో ముసలితనం వచ్చేదాకా పనిచేసి, ఆ మిషన్ల చప్పుడుకు చెవులు పోయినాయి. మనిషి మంచి గట్టి. ఎస్తేరు అరిచినా ఆయనకు వినపడదు, గోడ మాట్లాడినా వినపడదు. బుధవారం ఆయనకిచ్చినాం. నేను సాయంత్రం పోయి చూస్తే కుర్చీలో గురక పెడతాండాడు. ఎస్తేరు తన పక్కనున్న ఫ్యాను ఆయన వైపు తిప్పి, చెమట పట్టిన మొగంతో కింద కూచోనుండాది. నేను మామను తట్టి లేపి, "కాపలాకు వచ్చినావా, కాపలా పెట్టించుకునేదానికి వచ్చినావా?" అని చేతులతో సైగ చేసినా. "శానా మంచి పిల్ల, అస్సలు సతాయించదు" అన్నాడు పెద్ద గొంతుతో.

నవ్వుకున్నా గానీ, ఆడ నాకొకటి అర్థమయింది. ఆ యమ్మికి తనను చూసుకునేవాళ్లు ఎంత అవసరమో, తను చూసుకునేదానికి ఒకరుండడం కూడా అంతే అవసరం. అందుకని మా చెల్లెలి ఊరు వల్లూరు నుంచి విత్తనానికి ఒలిచే చెనక్కాయలు ఒక మూట తెప్పించినా. వంతుకు పోయినోళ్లు, ఎస్తేరు, ఇద్దరూ ఒలవల్ల. చేతులకు పనుంటే నోటికి కొంచెం విశ్రాంతి. బాగున్న రోజుల్లో ఎస్తేరు మా అందరికంటే ముందు ఒలిచి, "మీది పలుకులు చీలిపోతాండాయి, విత్తనానికి పనికిరావు" అని టీచరమ్మ మాదిరి తప్పులు పట్టేది.

అట్ల రెండు మూడు వారాలు నడిచింది. తర్వాత ఒక చెడ్డ రోజు వచ్చింది. ఎస్తేరు కేకలు పెట్టి చాట, మూట, గిన్నె అన్నీ విసిరింది. ఆ పొద్దు వంతుకు పోయిన ఇద్దరూ వీధి చివరి దాకా పరిగెత్తినారు, వాళ్ల వెనక వీధంతా తలుపులు తెరిచి చూసింది. ఆ ఆదివారం గుడి బయట ఒకామెకు మోకాలి నొప్పి, ఒకామెకు కోడలి కాన్పు, ఇంకొకామెకు బంధువుల పెండ్లి. సోమవారం, మంగళవారం వంతులు ఖాళీ అయిపోయినాయి. ఆ రెండు రోజులు దేవమ్మ మళ్లీ గొళ్లెం పెట్టింది. ఎవరో సామేలుకు చెప్పనే చెప్పినారు. "చూస్తివా" అని వాళ్లమ్మకు ఫోను చేసినాడు. ఒక్క మాటే, కోపం కూడా లేదు.

పారిపోయినోళ్లను నేను తప్పు పట్టను. భయం పాపం కాదు. కానీ కొత్తగా వచ్చే మీకు చెప్తాండా, సంఘం సాయం ఎప్పుడూ మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ఊపు చూసి ఇంటోళ్లకు మాటివ్వొద్దు. మూడో వారానికి ఎవరుంటారో వాళ్లను లెక్కపెట్టుకొని మాటివ్వండి.

రాహేలు

ఈస్టరు దగ్గర పడతాంది. మిగిలినోళ్లంతా పాటల ప్రాక్టీసులో ఉండారు. అప్పుడు రాహేలు దగ్గరకు పోయినా.

రాహేలుకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయినాయి. కాళ్లకు ఇనప కమ్మీల కాలిపర్లు, చంకల్లో కర్రలు. రైతుబజారు పక్క జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టిన జాకెట్టు మీద ఆడోళ్లు కొట్లాడుకుంటారు, అంత పనితనం. మాట మాత్రం సూది.

ఆమె కోసమని మా సంఘం ఒక ర్యాంపు కట్టించింది. గుడి మెట్ల పక్కన సిమెంటు దోవ, రంగులేసి, రిబ్బను కత్తిరించి, ఫోటోలు తీసినాం. ఎంత ఏటవాలు కావల్లో ఆమెను ఎవరూ అడగలేదు. కట్టినాక తీసుకొచ్చి చూపిస్తే కిందనే నిలబడుకొని పైకి చూసి, "దీని మీద ఎక్కితే గుడిలోకి పోనక్కా, నేరుగా పరలోకానికే పోతా" అనింది. ఇప్పుడు దాని మీద మోటారు సైకిళ్లు పెట్టుకుంటాండారు. ఆమె ఎప్పటి మాదిరి బయట కుర్చీ వేసుకొని కిటికీలోంచి ప్రసంగం వింటుంది. క్రిస్మస్‌కు మాత్రం మరిచిపోకుండా స్టేజీ మీదికి మోసుకుపోయి చీరె ఇస్తాం.

నేను పోయేసరికి మిషను నడుస్తాంది. తల ఎత్తకుండానే అనింది, "క్రిస్మస్ ఇంకా దూరం కదక్కా, ఇప్పుడే చీరె తెచ్చినారా?"

"ఇచ్చేదానికి రాలేదు. అడిగేదానికి వచ్చినా."

మిషను ఆగింది. "నన్నా?"

ఎస్తేరు సంగతి చెప్పినా. సోమవారం, మంగళవారం వంతులు ఖాళీగా ఉండాయన్నా.

"ఊడ్చే వంతులో నా పేరు లేదు, పూల వంతులో లేదు, రొట్టె వంతులో లేదు. పుట్టినప్పటి నుంచి ఈ సంఘమే నాది. ఇప్పుడేంది, ఎవురూ దొరక్క నా దగ్గరికి వచ్చినావా?"

"అవును" అన్నా. అబద్ధం చెప్పొచ్చు. ఆమె ముందర నిలబడేది కాదు.

నవ్వింది. "నిజం చెప్పినావు కాబట్టి వస్తా. ఆటో మీరే పంపల్ల. హుక్కులు కుట్టే పని నాతో తెచ్చుకుంటా. నేను సామాన్యంగా మాట్లాడను, మాట్లాడితే ఎవురూ ఓర్చుకోలేరు."

"ఆ యమ్మి విసురుతుంది."

"నేనూ చిన్నప్పుడు కర్రలు విసిరినా. గుడి పిల్లోళ్ల మీదనే."

ఆమె పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందంటే, ఏం జరగలేదు. అదే గొప్ప. కాలిపర్లు విప్పి గోడకు ఆనించి, కింద చాప మీద కూచొని హుక్కులు కుట్టేది. ఎస్తేరు దారాలు తెంపి ఇచ్చేది. ఒక పొద్దంతా ఇద్దరూ పది మాటలు మాట్లాడుకునేవాళ్లు కారు. దేవమ్మ మిల్లు నుంచి వచ్చి తలుపు తెరిచే ఉండడం చూసి, తన ఇల్లేనా అని ఒకసారి వెనక్కి పోయి చూసుకుందంట.

సోమవారం

ఈస్టరు తెల్లవారుజామున ఆరాధనకు మా వాళ్లు మైకు పెద్దగా పెట్టినారు. పునరుత్థానం కదా, తగ్గించండంటే ఎవరు వింటారు. ఆ చప్పుడుకు ఎస్తేరుకు తెల్లవారుజామున నిద్ర లేదు, ఆదివారం రాత్రి కూడా లేదు. సోమవారం పొద్దున నేను పోయేసరికి మొగం చూస్తేనే తెలిసిపోయింది. ఇన్ని రోజుల్లో ఈ రోజే కావల్నా అనుకున్నా. దేవమ్మ ఆ పొద్దు మిల్లుకు పోలేదు. రాహేలు ఆటో దిగి, ఎప్పటి మాదిరి కాలిపర్లు విప్పి కూచుంది.

సామేలు బండి వీధిలోకి వచ్చిన చప్పుడు వినపడంగానే ఎస్తేరు మొదలుపెట్టింది. గోడ వైపు తిరిగి అరుపులు. హుక్కుల డబ్బా ఎత్తి కొట్టింది, ఇల్లంతా హుక్కులు. దారపు ఉండలు, చాట, గ్లాసు. దేవమ్మ ఏడ్చుకుంటా బయటికి పరిగెత్తింది. నేను వంటింట్లో టీ పెడతాండా. పాలు లేవు, పొయ్యి వెలిగించలేదు, అయినా పెడతాండా. ఆ తలుపు సందులోంచి చూసినా.

రాహేలు కత్తెర తీసి తొడ కింద పెట్టుకుంది. చేతిలో ఉన్న జాకెట్టు వదల్లేదు. తల కొంచెం వంచి హుక్కు కుడతానే ఉండాది. ఒక్క మాట లేదు. ప్రార్థన చేసిందో లేదో నాకు తెలీదు, పెదవులు కదల్లేదు.

సామేలు గడపలో నిలబడుకున్నాడు. వాని వెనక వాళ్లమ్మ, వీధిలో బాడుగ కారు, కారు చుట్టూ పక్కింటోళ్లు. వాడు చూస్తా ఉండంగానే ఎస్తేరు గొంతు కొంచెం కొంచెంగా తగ్గింది. గోడకు ఏదో చివరి మాట చెప్పి, కింద కూలబడింది. పక్కన పడిన హుక్కు ఒకటి ఏరింది. ఇంకోటి ఏరింది.

సామేలు మెల్లగా అడిగినాడు, "అక్కా, నీకు భయం కాల్యా?"

"అయింది" అనింది రాహేలు.

"మరి బయటికి పోలేదే?"

"యాడికి పోవల్లప్పా? కాలిపర్లు విప్పి పెట్టినా. అవి తొడుక్కొని, బెల్టులు బిగించుకొని, కర్రలు ఎత్తుకొని నేను లేచేలోపల మీ చెల్లెలికి కోపం పోయి ఆకలి కూడా అయ్యుంటాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వేదాన్ని నేనొక్కదాన్నే, నేను వంటింట్లో ఉండా.

"బండి తెచ్చినా" అన్నాడు సామేలు, ఎవరితోనో తెలీకుండా.

రాహేలు దారం పళ్లతో తెంపి చెప్పింది, "సోమారం, మంగళారం నావి. బుధారం డేవిడ్ మామది. గురువారం అయ్యగారి ఇంటామెది. శుక్రవారం ఆ వంటింట్లో దాక్కున్నామెది. శనివారం వచ్చే ఆమె మొన్న మానుకుంది, ఆ రోజుకు ఎవురూ లేరు."

"శనివారం నాకు మండీ ఉంటాది" అన్నాడు సామేలు.

"నిన్నెవురు అడిగినారప్పా?"

వాని మొగం ఎర్రబడింది. ఏదో చెప్పేదానికి ఒక అడుగు లోపలికి పెట్టినాడు. అప్పుడు ఎస్తేరు తలెత్తింది. అన్నను చూసింది. తర్వాత వాని కాళ్లు చూసింది. గొంతు బొంగురుపోయి ఉండాది, అయినా స్పష్టంగా అనింది:

"చెప్పులు బయట ఇడ్సిరా. పొద్దునే ఊడ్చినా."

సామేలు ఉన్నచోటనే నిలబడిపోయినాడు. ఎన్నాళ్లుగానో ఫోన్లో ఆ యమ్మి గురించి విన్నాడే గానీ, ఆ యమ్మి నోట ఒక మాట విన్నాడో లేదో. కండ్లు తుడుచుకోలేదు, కానీ తలుపు చెక్క మీద చేయి పెట్టుకున్నాడు. తర్వాత తిరిగి బయటికి పోయినాడు.

శానా సేపు రాలేదు. దేవమ్మ చీరె కొంగు నోట్లో కుక్కుకొని వాకిలి వైపే చూస్తాంది. ఎస్తేరు హుక్కులు ఏరుతానే ఉండాది. వీధిలో వాని గొంతు వినపడింది, "నువ్వు పోప్పా. ఎవురూ రారులే, నువ్వు పో." కారు వెనక్కి తిరిగేదానికి తంటాలు పడి, హారన్ కొట్టి, పక్కింటోళ్లను జరిపి, పోయింది.

సామేలు ఒట్టికాళ్లతో లోపలికి వచ్చినాడు. "చూసి అడుగెయ్యి" అనింది రాహేలు, "అన్నీ హుక్కులే." వాడు కింద కూచొని, తన ముందర పడిన హుక్కు ఒకటి తీసి, చెల్లెలి చేతిలో పెట్టినాడు.